ముందు అవతలివారి మాట

నా చేతి గడియారం రోజుకు పది నిమిషాలు వెనకబడడం మొదలుపెట్టకపోయి ఉంటే నేను ఆ కొట్టు మెట్లు ఎక్కేవాణ్ణే కాదు. రెండు వేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్ళయిన రోజులవి. కాపురం ఏలూరులో, కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పడం తాడేపల్లిగూడెంలో. రోజూ పాసింజరు రైల్లో వెళ్ళి వచ్చేవాణ్ణి. గూడెం స్టేషన్ నుంచి కాలేజీకి నడిచే దారిలో ఒక ముస్లిం పెద్దమనిషి వాచీల రిపేరు కొట్టు ఉండేది. ఆయన తండ్రి పెట్టిన కొట్టు. నేను వెళ్ళేనాటికి అది నిలువునా రెండుగా చీలి ఉంది. ఎడమ పక్క ఆయన కంటికి భూతద్దం బిగించుకుని వాచీల మీదకు వంగి ఉండేవాడు. కుడి పక్క ఆయన కూతురు కంప్యూటర్ ముందు కూర్చుని సెల్‌ఫోన్ల మెమరీ కార్డుల్లోకి పాటలు ఎక్కిస్తూ ఉండేది. ఎంసీఏ చదివిన పిల్ల. ఎడమ పక్కకు నాలాంటివాళ్ళు రోజుకు ఇద్దరో ముగ్గురో వచ్చేవారు. కుడి పక్క బల్ల మీద ఎప్పుడు చూసినా చోటుండేది కాదు.

నా క్లాసులో పావుగంట కుదురుగా కూర్చోలేని పిల్లలే అక్కడ గోరంత నల్లముక్క కోసం అరగంటేసి ఓపిగ్గా కూర్చున్నారు. నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు ఉంది. నలుగురు ఒకచోట గుమిగూడితే అక్కడేముందో తెలుసుకునేదాకా కాలు కదలదు.

"ఏం ఎక్కిస్తున్నావమ్మా అందులోకి?" అని అడిగాను.

"పాటలండీ. సినిమాల్లో కామెడీ బిట్లు. గేములు."

"ఫోన్‌కి కెమెరా ఉందిగా. వీళ్ళు సొంతంగా తీసినవేమీ ఉండవా?"

"ఎందుకుండవండీ? కార్డు నిండిపోతే ఖాళీ చెయ్యమని తెస్తారు కదా. ముందు అవే చెరిపెయ్యమంటారు."

ఆ మాట నన్ను పట్టేసింది. వాటిలో ఏముంటాయని అడిగాను. ఆమె వేళ్ళు ఆపకుండానే చెప్పింది. ఒకతను వాళ్ళ నాయనమ్మ చేప తోముతుంటే తీశాడు. ఒకతను బాతుల మంద కాలవ దాటడం మొత్తం తీశాడు. ఒకతను తన మొహం ముందు ఫోను పెట్టుకుని ఏదో మాట్లాడాడు, నిమిషం పాటు.

"ఏం మాట్లాడాడు?"

"తెలీదండీ. వినకూడదు కదా. చెరిపేశాను."

ఆ రోజు రైల్లో ఏలూరు చేరేదాకా ఆ నిమిషం గురించే ఆలోచించాను. ఏలూరులో మాకొక చర్చామండలి ఉండేది. ఆదివారం ఉదయం ఒక రీడింగ్ రూమ్ మేడమీద కూర్చుని దేవుడి నుంచి తద్దినం దాకా దేన్నీ వదలకుండా వాదించుకునేవాళ్ళం. ఒకప్పుడు మెట్ల మీద కూడా మనుషులు నిలబడి వినేవారు. ఇప్పుడు పదకొండుమందిమి మిగిలాం. అందులో కుర్రవాడి వయసు యాభై రెండు. పిల్లలకు మాట్లాడాలని లేదని మేము ఏళ్ళ తరబడి తీర్మానాలు చేస్తున్నాం. అక్కడ గూడెంలో ఒక పిల్లవాడు ఫోనుతో నిమిషం మాట్లాడి, వినేవాళ్ళు లేక చెరిపించుకుంటున్నాడు.

మర్నాడు కొట్టుకు వెళ్ళి ఆ అమ్మాయిని సూటిగానే అడిగాను. పిల్లలు తమ మాటను, తమ ఊరిని నిమిషం వీడియోగా తీసి ఒకరికొకరు చూపించుకునేలా, ఒకరి మాటకు ఇంకొకరు మాట చెప్పేలా ఫోన్లో ఏదైనా చెయ్యవచ్చా? ఇప్పుడైతే దాన్ని యాప్ అంటారు. అప్పుడు మా వైపు ఆ మాట లేదు. ఫోన్లోకి ఎక్కే దేన్నయినా కుర్రాళ్ళు "జావా" అనేవారు.

ఆమె జవాబు చెప్పేలోపు తండ్రి భూతద్దం తియ్యకుండానే తలెత్తాడు. ఒక కన్ను పెద్దదిగా, ఒకటి చిన్నదిగా ఉంది. "మాస్టారండీ, మీరు బాగుచెయ్యమని తెచ్చింది గడియారమే అనుకున్నానండీ. లోకాన్ని కూడా తెచ్చారా?"

"లోకం వారంటీ అయిపోయిందిలెండి. ఇక మనమే విప్పుకోవాలి" అన్నాను.

"అయితే మరలు జాగర్తగా పెట్టుకోండి. విప్పేవాళ్ళందరూ ఒకటో రెండో పోగొడతారు."

కాలేజీ అయ్యాక సాయంత్రం రైలుకు ముందు గంటన్నర ఉండేది. ఆ గంటన్నర మూడు నెలలు ఆ కొట్టులోనే గడిచింది. కంప్యూటర్ ముందు ఆ అమ్మాయి, పక్కన స్టూలు మీద కాగితాలతో నేను. ఫోన్లలో ఇంటర్నెట్ పేరుకే ఉండేది. ఒక వీడియో పంపాలంటే మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పట్టేది, అదీ అందితే. అందుకని వీడియోలు కార్డుల మీద ప్రయాణం చెయ్యాలని ఆమె తేల్చింది. గూడెంలో వాళ్ళ కొట్టు, ఏలూరులో ఒక జిరాక్స్ కొట్టు, కొల్లేటి అంచున మండవల్లిలో బస్సాగే చోట ఒక కూల్‌డ్రింకుల కొట్టు, ఈ మూడు మజిలీలు. ఎవరైనా వచ్చి తమ నిమిషాన్ని అక్కడ దింపుతారు, అక్కడున్నవి ఎక్కించుకుంటారు. గూడెం నుంచి ఏలూరుకు కార్డు మోసే పోస్ట్‌మ్యాన్‌ని నేనే.

ఆ పనిలో నన్ను బాగా ఆకట్టుకున్నది ఒక చికాకు. మా ప్రోగ్రాం ఏ వీడియోను ముట్టుకోబోయినా ఫోను ప్రతిసారీ అనుమతి అడిగేది. తెరవనా అని ఒకసారి, చదవనా అని ఒకసారి, రాయనా అని ఒకసారి. ఆ అమ్మాయి విసుక్కునేది. నేను మాత్రం మురిసిపోయేవాణ్ణి. "మన ఇళ్ళలో పెళ్ళి చేసేముందు కూడా పిల్లని ఇన్నిసార్లు అడగరు" అన్నాను. ఆమె నవ్వింది. తండ్రి నవ్వలేదు.

ఆ యంత్రంలో నేను పట్టుబట్టి పెట్టించినది ఒకే ఒక నియమం. కుర్రతనంలో నాకు వాదన నేర్పిన పెద్దాయన ఒకరు, ఎదుటివారి వాదాన్ని ముందు మన నోటితో చెప్పించేవారు. ఎదుటివారు "అవును, నేనన్నది అదే" అనేదాకా మా జవాబు వినేవారు కాదు. ఆ పద్ధతి ఫోన్లోకి రావాలన్నాను. ఒకరి వీడియోకు జవాబు చెప్పాలంటే ముందు వారి మాటను నువ్వు చెప్పి పంపాలి. వాళ్ళు చూసి "అదే నా మాట" అనే మీట నొక్కితేనే నీ జవాబుకు తలుపు తెరుచుకుంటుంది.

"మాస్టారూ, కార్డు వెళ్ళి రావడానికే నాలుగైదు రోజులు. ఇలా అయితే ఒక్క జవాబుకి వారం పడుతుందండీ. ఒక్కళ్ళూ వాడరు."

"వాడకపోతే పోనీ. తొందరగా తిట్టుకోవడానికి రోడ్డుంది."

చివరికి ఒప్పుకుంది. పరీక్షించి చూసుకోడానికి మాత్రం తన కోసం ఒక దొంగ తలుపు పెట్టుకుంది. నాలుగంకెలు కొడితే నియమాలేవీ అడ్డురావు. ఆ అంకెలు నాకూ చెప్పింది. అవసరం పడదులెండి అని కూడా చెప్పింది.

పిల్లలు వాడారు. మేము అనుకున్నట్టు కాదు. గూడెం కుర్రాడొకడు కొల్లేటి చేప బురద వాసన వేస్తుందని అంటే, మండవల్లి కుర్రాడు ఆ మాటను వాడి గొంతుతోనే, ముక్కు మూసుకుని చెప్పి పంపాడు. గూడెం కుర్రాడు "అది నా మాటే గాని నా ముక్కు కాదు" అని మూడుసార్లు తిప్పికొట్టాడు. ఈ తిప్పికొట్టడాలు చూడ్డానికే కొట్ల దగ్గర మనుషులు మూగేవారు. దేవుడున్నాడా లేడా అని ఒక్కరూ అడగలేదు. ఉల్లిపాయల మార్కెట్‌లో మూటలు మోసే అతను మెడ మీద బరువు ఎలా నిలుస్తుందో చూపించాడు. ఒకమ్మాయి, మేడ మీదకు ఒంటరిగా ఎందుకు వెళ్ళకూడదని వాళ్ళ అమ్మనే అడిగి, ఆమె మౌనాన్ని తీసింది. నేను రైల్లో కార్డు మోస్తూ అవన్నీ చూసేవాణ్ణి. ఇన్నేళ్ళూ నేను పిల్లలను చూసింది బోర్డు దగ్గర నుంచే.

ఏలూరు నుంచి మండవల్లికి కార్డు మోసేది ఒక డిగ్రీ అమ్మాయి. వాళ్ళది మండవల్లి దాటాక కొల్లేటి గట్టున ఒక చిన్న ఊరు. రోజూ బస్సులో ఏలూరు కాలేజీకి వచ్చేది. ఆరు నెలల పాటు ఇతరుల వీడియోలు మోసిందే తప్ప తనది ఒక్కటీ పెట్టలేదు. ఒక శుక్రవారం జిరాక్స్ కొట్టులో కార్డు ఇస్తూ, "ఇందులో నాదొకటుందండీ మాస్టారూ. మీరు చూడాలి" అంది.

ఇంటికొచ్చి చూశాను. మొదట ఒక పాదం. మడమ దగ్గర మానుతున్న పుండు. తరవాత నీలం పట్టీల మెత్తటి రబ్బరు చెప్పులు. తెర వెనక నుంచి ఆ అమ్మాయి గొంతు. అది వాళ్ళమ్మ పాదం. ఆమెకు షుగరుంది. అరికాళ్ళకు స్పర్శ లేదు. చేపల చెరువు గట్టు మీద తవుడు, వేరుశెనగ చెక్క కలిపి చిల్లుల సంచుల్లో నింపే పని ఆమెది. ఆ సంచులను చెరువులో కర్రలకు కడితే చేప వచ్చి తింటుంది. రెండు నెలల కిందట గట్టు మీద నత్తగుల్ల కాల్లో దిగితే రెండు రోజులు ఆమెకు తెలియలేదు. ఇంట్లో గచ్చు మీద రక్తం చూసి కూతురు కనిపెట్టింది. ఏలూరు డాక్టరు, ఇంట్లో కూడా చెప్పులు లేకుండా అడుగు వెయ్యొద్దు, వేస్తే కాలు ఉండదని చెప్పి ఆ చెప్పులు రాశాడు. కాని ఆ చెరువు గట్టు మీదకు ఎవరూ చెప్పులతో ఎక్కరు. ఆమె ఎక్కిన మూడోనాడు తెల్లారేసరికి చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి, కొన్ని చచ్చాయి. చెప్పులు విప్పి వస్తే రా, లేకపోతే రావద్దని మేస్త్రి అన్నాడు.

చివరి మాటలు ఇవి: "మా అమ్మ చెప్పులు విప్పేసి వెళ్తానంటోంది. ఈ వీడియోకి జవాబొచ్చేదాకా ఆగమని బతిమాలి ఇంట్లో కూర్చోబెట్టాను. చెప్పులతో గట్టెక్కితే చేపకి ఏమవుతుంది? తెలిసినవాళ్ళు చెప్పండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె ఇంట్లో కూర్చున్న ప్రతి రోజూ ఆ పని ఇంకొకరికి పోయే రోజే. నా జవాబు మేస్త్రికి కాబట్టి, ఆయన మాట ఏమిటో ఆయననే అడిగి, అవునన్నాక గాని నేను జవాబు చెప్పకూడదు. దానికి వారం పడుతుంది. ఆ వారంలో ఆమె చెప్పులు విప్పేస్తే? నియమం పెట్టినవాణ్ణి నేనే కదా, నాకు మినహాయింపు లేదా? నాలుగంకెలు కొట్టాను.

ఆ నిమిషం నా జీవితంలో నేను చేసిన ఉపన్యాసాలన్నిటిలోకీ పదునైనదని అప్పుడు అనుకున్నాను. "నీళ్ళకు కళ్ళుంటాయా? చేప చెప్పుల నంబరు చదువుతుందా? మబ్బు పట్టిన రోజుల్లో నీళ్ళలోని నాచుకు ఎండ తగలదు. అది ప్రాణవాయువు తయారుచెయ్యదు. తెల్లవారుజామున చేపకు ఊపిరాడక పైకి వస్తుంది. ఈ ముక్క తెలియనివాడు చెరువుకు మేస్త్రి! వాడి అజ్ఞానానికి ఒక తల్లి కాలు బలి కావాలా?" అన్నాను. శనివారం పొద్దున్నే బస్టాండుకు వెళ్ళి కార్డు ఆ అమ్మాయి చేతికిచ్చాను. జవాబు ఇంత త్వరగా వచ్చిందేమిటని ఆమె అడిగింది. చూడు తెలుస్తుంది అన్నాను.

ఆ పై వారం ఆదివారం మా మండలి మేడమీద ఆ వీడియో వేసి చూపించాను. పదిమంది పెద్దలూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగకముందే ఆ అమ్మాయి గుమ్మంలో కనిపించింది. ఆదివారం పనిగట్టుకుని బస్సెక్కి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"మీరు గెలిచారండీ మాస్టారూ" అంది. "కూల్‌డ్రింకుల కొట్టు దగ్గర అందరి ఫోన్లలో మీరే ఉన్నారండీ. గట్టు పక్కనుంచి వెళ్ళేవాళ్ళు మేస్త్రి మావయ్యని చూసి, చేపలకి ఏ క్లాసు చెప్తున్నావని అరుస్తున్నారండీ. నిన్న మా ఇంటికి కబురుపెట్టాడు. మా అమ్మ చెప్పులేసుకున్నా రావద్దంట, విప్పినా రావద్దంట."

ఆ మాట చెప్పి మెట్లు దిగిపోయింది.

సోమవారం గూడెంలో వాచీ కొట్టుకు వెళ్ళాను. కబురు నాకంటే ముందే చేరింది. వాచీ పెద్దమనిషి కూతురు కంప్యూటర్ నుంచి తల తిప్పకుండా అడిగింది. "ఆ అంకెలు వాడారా?"

"వాడాను."

"ఫోను ప్రతిసారీ అడుగుతుందని అంత మెచ్చుకున్నారు కదండీ. అడక్కుండా వెళ్ళే దారి పెట్టింది నేను. నాదీ తప్పే. తీసేశానండీ, ఇప్పుడే. నాకు కూడా లేదు."

తండ్రి నా గడియారం తీసి బల్ల మీద పెట్టాడు. ఎప్పుడో బాగైపోయింది, అడగడమే మరిచిపోయాను. "నడుస్తోందండీ. ఇక మీరు నడవాలి. మండవల్లి బస్సు ఏలూరులో ఎన్నింటికో కనుక్కోండి."

బుధవారం సెలవు పెట్టి వెళ్ళాను. మండవల్లిలో బస్సు దిగితే, ముందే కబురందుకున్న డిగ్రీ అమ్మాయి ఎదురుచూస్తోంది. అక్కణ్ణుంచి ఆటో. కుడి ఎడమలా చెరువులు, వాటి మీద కొంగలు, నీళ్ళలో వరసగా నిలిపిన కర్రలు, కర్రలకు సంచులు. గట్టు మొదట్లో ఒక బిందె, చెంబు, వాటి పక్కన నాలుగైదు జతల చెప్పులు. అక్కడ ఆగిపోయాను. నలభై ఏళ్ళు గుడి మెట్ల దగ్గర చెప్పులు విప్పనివాణ్ణి. కాని వచ్చింది వినడానికి. విప్పి, కాళ్ళు కడుక్కుని ఎక్కాను. పది అడుగులు వేసేసరికి నత్తగుల్లలు అరికాలిని కొరికేశాయి. నాకు తెలుస్తోంది. ఆమెకు తెలియదు. ఆ తేడా నాకు అక్కడే ఎక్కింది, వీడియో చూసినప్పుడు కాదు.

మేస్త్రి తవుడు పాక ముందు కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి, పొట్టిగా, ఎండిపోయినట్టుగా. నన్ను కిందికీ పైకీ చూశాడు.

"ఆయ్, రండి మాస్టారూ. ఫోన్లో కొంచెం లావుగా ఉన్నారండి."

"ఫోన్లో మిమ్మల్ని 'వాడు' అన్నాను. తప్పు మాట. మీకు చెప్పుకోవాలని వచ్చాను."

"చేప నంబరు చదవదండి. నాకు తెలుసండి. ముప్పయ్యేళ్ళబట్టి దాంతోనే ఉన్నాను, ఒక్కటీ ఒక్కక్షరం చదవలేదండి." మొహంలో నవ్వు లేదు. "మరి నేను అలాగన్నానని మీకెవరు చెప్పారండి?"

ఎవరూ చెప్పలేదు. అదే నిజం. నేను జవాబు చెప్పిన మేస్త్రి నేను తయారుచేసుకున్న మేస్త్రి.

ఫోను తీసి మా నియమం ఆయనకు చెప్పాను. మీ మాట నేను చెప్తాను, మీరు కాదంటే మళ్ళీ చెప్తాను అన్నాను. ఆయనకు అది ఆటలా అనిపించినట్టుంది. కానివ్వండి అన్నాడు.

"చెరువు గట్టు లక్ష్మీదేవి నడిచే చోటు, చెప్పులతో తొక్కితే చేపకు కీడు అని మీ మాట" అన్నాను.

"కాదండి. అది మా ఆవిడ మాట."

"మరి?"

"పక్క చెరువులో తెగులు పడతాది. ఆ బురద తొక్కిన చెప్పు ఈ గట్టెక్కిందనుకోండి, రేపు వాన పడితే ఆ బురద ఎక్కడికెళ్తాది? కాలైతే కడుగుతాం. చెప్పు అడుగున గాడుల్లో బురద ఎవడు కడుగుతాడండి?"

నేను రసాయనశాస్త్రం చెప్పేవాణ్ణి. ఈ ఆలోచన నాకు తట్టనే లేదు. రెండోసారి ఫోను పట్టుకుని, "చెప్పులతో పక్క చెరువు తెగులు వస్తుంది, అందుకే విప్పమంటారు" అన్నాను.

"సగమండి."

"మిగతా సగం?"

ఆయన గట్టు మొదట్లో ఉన్న బిందె వైపు చెయ్యి చూపించాడు. "చెరువు ఆసామి ఏలూరు నుంచి కార్లో వత్తాడండి. అక్కడ బూట్లు విప్పుతాడు. నేనూ అక్కడే విప్పుతాను. కూలీకొచ్చిన ఆవిడా అక్కడే. ఇంకెక్కడన్నా ఆయనా నేనూ ఒక్కలా నిలబడతామేంటండి? ఒక్కరికి వదిలేత్తే రేపు ఆసామి నాకేంటంటాడు. ఆయనకి వదిలేత్తే ఆయన తమ్ముడు. అయిపోయిందండి."

మనుషులంతా సమానమని మేడమీద నేను చేసిన తీర్మానాలు లెక్కలేనన్ని. ఈయన దాన్ని ఒక బిందె నీళ్ళతో, ముప్పయ్యేళ్ళ పాటు, రోజూ అమలుచేస్తున్నాడు. మూడోసారి చెప్పాను. గట్టెక్కేవారెవరైనా చెప్పులు కింద వదిలి కాళ్ళు కడుక్కుంటారు, ఆసామీ అంతే, కూలీ అంతే. ఒకరికి సడలిస్తే ఇక బురదా ఆగదు, కట్టుబాటూ ఆగదు.

"ఆయ్! అదండి నా మాట" అని మీట ఎక్కడో చూపించమని నొక్కాడు. "ఇంత బాగా నేను కూడా చెప్పలేదండి."

ఫోను కట్టేసి ఒక్కటి అడగాలనిపించింది. "మరి ఆ రోజు చేప తేలింది చెప్పుల వల్లనేనా?"

ఆయన చెరువు వైపు చూశాడు. "మూడ్రోజులు మబ్బండి. తేలకేం చేత్తాది? ఇంజను పెట్టి నీళ్ళు కొట్టించాలి, ఆ రోజు ఇంజను బాగోలేదు. ఆసామి వచ్చి ఎందుకు చచ్చాయని అడిగాడు. మబ్బు మీద పెడితే ఊరుకుంటాడా? మబ్బుని పనిలోంచి తియ్యలేడు కదండి. నన్ను తీసేత్తాడు."

అంటే నేను నిమిషం పాటు ఉరిమి బోధించిన నాచూ, ఎండా, ఊపిరీ ఆయనకు నా కంటే ముందే తెలుసు. ఆ మాట అప్పుడు ఏ వీడియోలోనూ పెట్టలేదు. పెడితే ఈయన పని పోయేది. ఆ చెరువు ఇప్పుడు లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఒకరి బతుకు భయాన్ని ఇంకొకరి చెప్పుల మీద పెట్టడం అన్యాయమే. అది ఆయనకు చెప్పాను కూడా. "అవునండి" అని ఊరుకున్నాడు.

నియమం ప్రకారం ఇప్పుడు జవాబుకు తలుపు తెరుచుకుంది. చెప్పాల్సింది నేను కాదు. ఆ అమ్మాయి ఆటోలోంచి సంచి తెచ్చి, అందులోంచి నీలం పట్టీల చెప్పులు తీసి గట్టు మొదట్లో బిందె పక్కన పెట్టి మాట్లాడింది.

"మావయ్యా, ఈ జత ఇక్కడే ఉంటాది. ఇంటికి రాదు. రోడ్డెక్కదు. పక్క చెరువుకి వెళ్ళదు. ఇంటికి వేరే జత కొంటాం. అమ్మ వచ్చి అందరితో పాటే ఆ చెప్పులు కింద విప్పుద్ది, కాళ్ళు కడుక్కుంటాది, వీటినీ కడిగి వేసుకుంటాది. నీ కాలికి గుల్ల దిగితే నువ్వు కెవ్వుమంటావు. మా అమ్మకి ఆ అరుపు రాదు మావయ్యా. అంతే తేడా. ఆవిడికి వదిలెయ్యమనడం లేదు. ఆవిడా కడుక్కునే ఎక్కుద్ది."

ఆయన దానికి జవాబు చెప్పాలంటే ముందు ఆ పిల్ల మాట ఆయన చెప్పాలి. ఫోను అందుకుని చేతిని చాచినంత దూరం చాచి, దాన్ని ఎవరో దూరపు చుట్టాన్ని చూసినట్టు చూశాడు.

"ఆ పిల్ల అనేదేంటంటే... ఆళ్ళమ్మ కాలికి తెలీదంట. గుల్ల దిగినా తెలీదంట. మనకి తెలుత్తాది కాబట్టి మనం ఒట్టికాళ్ళతో ఎక్కుతాం. ఆవిడికి తెలీదు కాబట్టి..." అక్కడ ఆగాడు. చెరువులో ఏదో చేప ఎగిరి పడింది. "ఆవిడికి తెలీదు కాబట్టి కడిగిన చెప్పులతో ఎక్కుతాది. కట్టుబాటు కట్టుబాటే. అందరితో పాటే కడుక్కుంటాది."

ఆ అమ్మాయి మీట నొక్కింది. ఫోను ఆయన జవాబు కోసం నిమిషం గడియారాన్ని తిప్పడం మొదలుపెట్టింది. ఆయన దాన్ని నాకు ఇచ్చేశాడు.

"ఇంకేం చెప్పాలండి? అయిపోయింది కదా." ఆ అమ్మాయి వైపు తిరిగి, "రేపు ఆరింటికి రమ్మను. ఆసామి అడిగితే నేను చెప్తాను. ఈ సారి చెప్పుకోడానికి మాట ఉంది" అన్నాడు.

నేను ఆటో ఎక్కబోతుంటే వెనకనుంచి పిలిచాడు. "మాస్టారండీ, 'వాడు' అన్నది ఫోన్లో కదండి. ఇప్పుడు గట్టు మీద 'మీరు' అన్నారు. గట్టు మీద ఎవరు విన్నారండి, కొంగలు తప్ప?"

నిజమే. ఫోను మళ్ళీ తీసి, మేస్త్రిగారిని నేను అడక్కుండా తిట్టానని, ఆయన మాట నాకు తెలియదని, తెలుసుకున్నాక నా మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. నిమిషంలో సగం కూడా పట్టలేదు. ఆ వీడియో మూడు ఊళ్ళూ తిరిగింది. మొదటిదాన్ని చూసినంతమంది దీన్ని చూడలేదు. ఎందుకు చూడలేదో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. దాన్ని ఎక్కువసార్లు చూసింది మాత్రం గూడెం వాచీ పెద్దమనిషి. వచ్చినవాళ్ళందరికీ చూపించి, "మా మాస్టారు ఇందులో మనిషిలా ఉన్నారండీ" అనేవాడట.

ఆ ప్రోగ్రాం ఏడాదిన్నర నడిచింది. ఆ తరవాత వచ్చిన ఫోన్లలోకి అది ఎక్కలేదు. కొత్తది రాస్తానంటూనే వాచీ కొట్టు అమ్మాయి ఉద్యోగంలో చేరింది.

ఆ రోజు ఆటో దగ్గర నా వీడియో తీసుకోవడం అయ్యాక మేస్త్రి నా పక్కకు వచ్చాడు. ఆ అమ్మాయి ఆటోలో కూర్చుంది. ఆమెకు వినపడకుండా అడిగాడు. "ఆ మెత్తటి చెప్పులు ఏలూరులో ఎక్కడ దొరుకుతాయండి?"

"మీకా?"

"మడమలు పగిలాయండి. మొన్న ఆసుపత్రిలో నాక్కూడా షుగరుందన్నారు. ఎవరికీ చెప్పలేదు." పక్కన పడి ఉన్న కొబ్బరాకులోంచి ఒక ఈనె లాగాడు. నేల మీద పెట్టి దాని పక్కన కాలు ఆనించి, బొటనవేలి దగ్గర విరిచి నా చేతికిచ్చాడు. "కొలతండి. పోగొట్టకండి."

మండవల్లిలో బస్సెక్కాను. ఈనె జేబులో పట్టలేదు, కలం పక్కన సగం పైకి పొడుచుకు వచ్చింది. పక్క సీటాయన అదేంటని అడిగాడు, మా మేస్త్రిగారి కాలు అన్నాను. ఆయన కిటికీ వైపు జరిగాడు. బస్సు కదిలాక చెప్పు విప్పి, ఆ ఈనెను నా పాదం పక్కన పెట్టి చూసుకున్నాను. నాదే వేలెడు పొడుగు. అరికాల్లో ఇంకా ఏదో గుచ్చుకుంటోంది. వంగి చూస్తే చిన్న నత్తగుల్ల ముక్క.